తపాలా గదికి తాళమొక్కటే చాలదు

ప్రతి కార్యాలయమునందును ఒక మూల ఉండును. అచ్చట ఒక బల్ల, ఒక బీరువా, రెండు మూడు రిజిస్టర్లు, ఒక జిగురు సీసా, లక్క కడ్డీ, అంచులరిగిన ఇత్తడి ముద్ర కనబడును. పెద్ద కార్యాలయములలో దానిని తపాలా గది యందురు. చిన్న పాఠశాలలలో దానికి గది కూడ లభింపదు. ప్రధానోపాధ్యాయుని బల్లసొరుగే తపాలా గది యగును. చూడవచ్చిన వారెవ్వరును దానిని చూడగోరరు. వార్షికోత్సవ నివేదికలలో దాని పేరు రాదు. అయినను ఆ సంస్థలోనికి వచ్చు ప్రతి కాగితమును, అందుండి వెలువడు ప్రతి కాగితమును ఆ మూలను దాటియే పోవలయును. విద్యార్థి బదిలీపత్రము, ఉపాధ్యాయుని నియామకపు ఉత్తరువు, పరీక్షల హాలు టికెట్లు, విద్యార్థివేతనముల జాబితాలు, న్యాయస్థానపు నోటీసు, పేరు చెప్పనివాడు వ్రాసిన ఫిర్యాదు — అన్నియు అచ్చట ఒక పూట నిలిచి పోవునవే. ఇట్టి చోటును భద్రముగ నుంచుకొనుట యెట్లను ప్రశ్న పైకి చిన్నదిగ కన్పట్టును. అది చిన్నది కాదని చెప్పుటయే ఈ వ్యాసోద్దేశము.

భద్రత యనగానే మనకు మొదట తోచునది తాళము, పిదప కావలివాడు, ఈ కాలమున గోడకు బిగించిన కెమెరా. ఇవి యన్నియు కావలసినవే. కాని మన రాష్ట్రమున ఈ నాలుగైదు సంవత్సరములలో జరిగిన సంఘటనలను వరుసగ పెట్టుకొని చూచినచో ఒక సంగతి తేటపడును. కాగితము గదిలో నున్నప్పుడు పోవుట అరుదు. అది ఒక చేతినుండి మరియొక చేతికి మారునప్పుడు పోవుచున్నది. మనము తాళము వేయుచున్నది గదికి. ప్రమాదము పొంచియున్నది గదికిని గదికిని నడుమ.

నార్కట్‌పల్లి కూడలిలో నిలిచి చూచువారికి ఈ మాట సులభముగ బోధపడును. పుణె నుండి హైదరాబాదు, విజయవాడల మీదుగ మచిలీపట్నము చేరు 65వ సంఖ్య జాతీయ రహదారి ఈ ఊరి మీదుగ పోవును. అద్దంకి దారి ఇచ్చటనే చీలి నల్లగొండ, మిర్యాలగూడెముల వైపు సాగును. బస్సు డిపో ఉన్నది, వైద్య కళాశాల ఉన్నది, చెరువుగట్టు రామలింగేశ్వరుని దర్శనమునకు వచ్చు యాత్రికుల రద్దీ ఉన్నది. రాత్రింబవళ్లు మనుష్యులతో పాటు మూటలును, సంచులును, కట్టలును దిగుచు ఎక్కుచుండును. ఇట్టి కూడలులలో ప్రతి వస్తువును ఏదో యొక చేతిని విడిచి మరియొక చేతిని పట్టుకొనుచుండును. ఆ విడుచుటకును పట్టుకొనుటకును నడుమనున్న క్షణమునకు యజమాని యెవ్వడు? తపాలా భద్రతా శాస్త్రమంతయు ఈ ఒక్క ప్రశ్నలో నున్నది.

పూర్వులకు ఈ ప్రశ్న తెలియనిది కాదు. నిజాము రాజ్యమునకు స్వంత తపాలా శాఖ ఉండెడిది. 1869లో దాని తొలి బిళ్ళ వెలువడెను. 1871 నాటి బిళ్ళలపై ఉర్దూ, ఇంగ్లీషు, మరాఠీలతో పాటు తెలుగు లిపి కూడ చోటుచేసికొన్నది. 1950లో ఆ శాఖ భారత తపాలా శాఖలో విలీనమయ్యెను గాని, తెలంగాణ పల్లెలలో పెద్దల నోట “టపా”, “టపాఖానా” అను మాటలు నేటికిని వినబడుచునే యున్నవి. బస్సులు లేని దినములలో గజ్జెలు కట్టిన బల్లెమును పట్టుకొని సంచి మోసిన పరుగువాండ్రు దేశమంతట నుండిరి. ఒక మజిలీలో ఒకడు సంచి దించును. మరియొకడు దాని నెత్తుకొనును. గజ్జెల చప్పుడు వన్యమృగములను తొలగించుటకు. సంచి మూతిపై ముద్ర మనుష్యులను తొలగించుటకు. సంచి నందుకొనువాడు మొదట చూడవలసినది దాని ముద్ర. ముద్ర చెదరియున్నచో అప్పుడే, ఆ తెచ్చినవాని యెదుటనే చెప్పవలయును. ఒక్క అడుగు వేసిన పిదప చెప్పిన మాటకు విలువ లేదు. బస్సులు వచ్చినను, విమానములు వచ్చినను ఈ నియమము మారలేదు. దానిని పాటించు ఓపిక మాత్రము మనలో తగ్గినది.

తగ్గిన ఓపికకు ఫలమేమో చూడుడు. 2023 ఏప్రిలు 3వ తేదీన పదవ తరగతి పరీక్షలు ప్రారంభమయ్యెను. మొదటిది తెలుగు. ఆ రోజు ఆదిలాబాదు జిల్లా ఉట్నూరులో జవాబుపత్రముల కట్టలను తపాలా కార్యాలయమునుండి బస్సుస్టాండునకు ఆటోలో తీసికొనిపోవుచుండగా ఒక కట్ట జారిపోయెను. దానిని దొంగిలించినవాడు లేడు. కుట్ర పన్నినవాడు లేడు. పరీక్షాకేంద్రమునందు పత్రములు లెక్కించి కట్టిరి. తపాలా కార్యాలయమునందు స్వీకరించిరి. బస్సుస్టాండులో బస్సు సిద్ధముగ నుండెను. మూడు చోట్లను భద్రతయే. కొలది నిమిషముల దారిలో మాత్రము ఆ కట్ట ఎవ్వరి వశమునను లేదు. ఒక పిల్లవాడు పది సంవత్సరములు చదివిన చదువు, మూడు గంటలు వంచిన తల ఎత్తక వ్రాసిన వ్రాత, ఆటో అంచునుండి దారిమీద పడిపోయినది. ఆ కట్టలో ఎన్ని పత్రములున్నవన్నది ప్రధానము కాదు. ఒక్కటియే యున్నను, ఆ ఒక్క పిల్లకు అది నూటికి నూరు పాళ్లు.

అదే ఉదయమున వికారాబాదు జిల్లా తాండూరులో పరీక్ష ప్రారంభమైన కొలది సేపటికే ప్రశ్నపత్రపు ఛాయాచిత్రము వాట్సాపులో వెలువడెను. మరునాడు హనుమకొండ జిల్లా కమలాపురములో హిందీ ప్రశ్నపత్రమునకు అదే గతి పట్టెను. రెండు సంవత్సరముల పిదప, 2025 మార్చి 21న, మన పొరుగుననే అట్టిది జరిగినది. నార్కట్‌పల్లినుండి తూర్పుగ కట్టంగూరు దాటి పోయినచో వచ్చునది నకిరేకల్లు. అచ్చటి గురుకుల పాఠశాలా కేంద్రమున తెలుగు ప్రశ్నపత్రమును కిటికీగుండ ఫోటో తీసి బయటికి పంపిరి. కేంద్రపు అధికారులను విధులనుండి తప్పించిరి. కొందరిని అరెస్టు చేసిరి. పత్రము చూపినదని ఒక విద్యార్థినిని పరీక్షలనుండి తొలగించిరి.

ఈ ప్రశ్నపత్రములు ఎంత కావలిలో నుండి వచ్చినవో ఉపాధ్యాయులెరుగుదురు. ముద్రింపబడిన నాటినుండి సీలు వేసిన పెట్టెలలో నుండును. పోలీసు స్టేషనులలో భద్రపరుపబడును. పరీక్ష నాటి ఉదయము చీఫ్ సూపరింటెండెంటు, డిపార్టుమెంటల్ ఆఫీసరు కలిసి వాటిని తెచ్చుకొందురు. సాక్షుల యెదుట సీలు విప్పుదురు. ఇంతవరకు ఏ లోపమును లేదు. తుపాకి పట్టిన పోలీసు కాపలా కాచిన కాగితము, చివరకు ఒక పిల్ల చేతిలోనికి వచ్చిన పిదప, తెరచియున్న కిటికీ ప్రక్కన దిక్కులేనిదైనది. తాడిని తన్నువాని తలదన్నువాడుండునని సామెత. సెల్‌ఫోను గలవాడు గోడ యెక్కగలడని తెలిసిన నాడు, కిటికీ కూడ తపాలా గదిలో భాగమే యని మనము తెలిసికొనవలసియుండెను. అట్టి బాధ్యత పదునైదేండ్ల పిల్లపై మోపి, కిటికీని మరచిన పెద్దల సంగతిని ఒక్క సస్పెన్షనుతో ముగించుట న్యాయమనిపించుకొనదు. తప్పు చేసినవారికి శిక్ష ఉండవలసినదే. కాని గొలుసులో కడపటి కొంకి తెగినదని దానినే నిందించువాడు, మిగిలిన కొంకులను పరీక్షింపని వాడు, మరల అదే గొలుసును వాడుకొనును.

బయటివారి సంగతి ఇట్లుండగా, లోపలివారి సంగతి వేరు. 2023 మార్చిలో తెలంగాణ రాష్ట్ర పబ్లిక్ సర్వీసు కమిషను ప్రశ్నపత్రములు బయటికి పొక్కిన ఉదంతమును ఎవ్వరును మరువలేరు. అవి కమిషను రహస్య విభాగమునందలి కంప్యూటరులో నుండెను. నిందితులలో ఆ కార్యాలయమునందే పనిచేయువారు కలరు. కంచెయే చేను మేసినది. 2022 అక్టోబరు 16న జరిగిన గ్రూపు-1 ప్రాథమిక పరీక్షను రద్దు చేయవలసి వచ్చెను. దానిని వ్రాసిన వారు 2,80,000కు పైబడినవారు. ఉద్యోగములు మాని, పుస్తెలు కుదువబెట్టి, నగరములో అద్దెగదులలో చదివిన యువకుల దినములు ఎవ్వరి ఖాతాలోనికి పోయినవి? ఇచ్చట తపాలా సంచి లేదు, లక్క లేదు. కంప్యూటరు, సంకేతపదము ఉన్నవి. అయినను ప్రశ్న పాతదే: ఈ కాగితము ఏ క్షణమున ఎవ్వరి చేతిలో నున్నది, దానికి సాక్షి యెవ్వరు?

సంస్కృత నాటకములు చదివినవారికి విశాఖదత్తుని ముద్రారాక్షసము గుర్తునకు వచ్చును. మహామంత్రియగు రాక్షసునికి సైన్యము కలదు, మిత్రులు కలరు, బుద్ధి కలదు. ఆయన ఓడిపోయినది యుద్ధమున కాదు. మిత్రుని యింట దాచిన ఆయన కుటుంబములోని పసివాడు వాకిటిలోనికి పరుగెత్తగా, వానిని లోనికి లాగికొనుచున్న ఆయన భార్య వ్రేలినుండి ముద్రికయుంగరము జారి, దొరలి, చాణక్యుని వేగులవాని కాళ్లయొద్ద ఆగెను. ఆ ఉంగరముతో ముద్రవేసిన ఒక్క లేఖ ఆయన కూటమినంతటిని కూలద్రోసెను. తలుపులెవ్వరును పగులగొట్టలేదు, తాళములెవ్వరును విరువలేదు. ముద్రను కాపాడు చేయి ఒక్క క్షణము వేరొక పనిలో నుండెను. ఆ చేయి చేసిన పని తల్లి చేయవలసినదే. కాని ముద్ర అట్టి చోట నుండవలసినది కాదు. ప్రధానోపాధ్యాయుని రబ్బరు ముద్ర బల్లమీద నెవ్వరికైన అందునట్లు పడియుండు పాఠశాలలు మనకు లేవా? నమ్మకమైన వాడని తాళముచెవులు, ముద్ర, సంకేతపదము ఒక్కనికే అప్పగించి నిశ్చింతగ నుండు అధికారులు లేరా?

చేయి మారుటను కాపాడుటకు తపాలా శాఖ ఏనాడో ఒక ఉపాయము కనిపెట్టినది. అదియే రిజిస్ట్రేషను. రిజిస్టరు చేసిన ఉత్తరము చుట్టును ఉక్కుకవచము లేదు. అది మామూలు కవరే. కాని దాని నందుకొనిన ప్రతివాడును సంతకము పెట్టి అందుకొనును. ఇచ్చునప్పుడు సంతకము పుచ్చుకొని ఇచ్చును. అందువలన అది ఎచ్చట ఆగినదో, ఎవ్వరియొద్ద ఆగినదో వెనుకకు నడచిపోయి చూడవచ్చును. తాళము పరాయివానిని ఆపును. సంతకము మనలను మననుండి కాపాడును. 2025 సెప్టెంబరు 1 నుండి రిజిస్టర్డు పోస్టును స్పీడు పోస్టులో కలిపివేసినారు. పేరు పోయినదని విచారించినవారు కలరు. కాని పద్ధతి పోలేదు. అదనపు రుసుము చెల్లించినచో స్పీడు పోస్టులోనే రిజిస్ట్రేషను సౌకర్యము కలదు. అందుకొనువాని ఫోనుకు వచ్చు సంఖ్య చెప్పిననే అందజేయు ఏర్పాటును 2025 అక్టోబరు 1 నుండి చేసినారు. విద్యార్థులకు స్పీడు పోస్టులో నూటికి పది వంతున తగ్గింపు కూడ ఇచ్చినారు. దరఖాస్తులు పంపుకొను పిల్లలు ఈ సంగతి తెలిసికొనుట మంచిది.

చట్టము మాట కూడ చెప్పుకొనవలయును. 1898 నాటి భారత తపాలా చట్టము, ఉత్తరములను దొంగిలించిన లేక దాచిన తపాలా ఉద్యోగికి ఏడు సంవత్సరముల వరకు కారాగారశిక్షను ప్రత్యేకముగ విధించియుండెను. దాని స్థానమున 2023లో చేసిన కొత్త చట్టము 2024 జూను 18 నుండి అమలులోనికి వచ్చినది. అందు అట్టి నేరముల పట్టిక లేదు. ఇక సామాన్య శిక్షాస్మృతియే దిక్కు. శిక్షాభయము కాగితముపై సడలిన కాలమున, లెక్కయు సంతకమును మరింత బిగువుగ నుండవలయును గదా.

ఇంతవరకు కాగితము భద్రతను గూర్చి చెప్పితిమి. కాగితమును పట్టుకొను చేతి భద్రత ఇంకొకటి కలదు. దీనిని మనము తరచుగ మరతుము. 2001వ సంవత్సరమున అమెరికాలో కొందరు ప్రముఖులకు ఆంత్రాక్సు క్రిములు గల పొడి పోసిన ఉత్తరములు పోయినవి. ఐదుగురు మరణించిరి, పదునేడుగురు జబ్బుపడిరి. మరణించినవారిలో ఇద్దరు వాషింగ్టను తపాలా కేంద్రమున ఉత్తరములు వేరుచేయు కార్మికులు. చట్టసభా భవనమున ఉత్తరము విప్పిన వెంటనే అచ్చటివారికి మందులిచ్చిరి. ఆ ఉత్తరమునే అంతకు ముందు తమ చేతులతో సాగనంపిన కార్మికులకు మందు దినములు గడచిన పిదపగాని రాలేదు. చిరునామాలో పేరున్నవాడు అందరికి గుర్తుకు వచ్చెను. దారిలో మోసినవాడు గుర్తుకు రాలేదు.

మనకు దగ్గరగ మరియొక ఉదాహరణము కలదు. 2018 ఫిబ్రవరి 23న ఒడిశాలోని పట్నాగఢ్‌లో ఒక కొత్త దంపతుల యింటికి పెండ్లి కానుకయని ఒక పార్సెలు వచ్చెను. విప్పగానే పేలి వరుడును, వృద్ధురాలగు బంధువును మరణించిరి. వధువు తీవ్రముగ గాయపడెను. ఆ పార్సెలు రాయపూరునుండి తప్పుడు పేరుతో కొరియరులో వచ్చినది. పంపినవాడు ఒక కళాశాల అధ్యాపకుడు. పదవి విషయమున వరుని తల్లిపై పెంచుకొనిన కక్ష దానికి కారణము. 2025 మే నెలలో న్యాయస్థానము వానికి యావజ్జీవ శిక్ష విధించెను. విద్యాసంస్థలు ద్వేషములకు అతీతములు కావని ఈ ఉదంతము చెప్పుచున్నది. పంపువాడెవ్వడని గట్టిగ అడుగని ఒక కొరియరు బల్ల దానికి దారి యిచ్చినది.

కావున ఉత్తరములందుకొను అటెండరుకు కొన్ని మాటలు నేర్పి తీరవలయును. పంపినవారి చిరునామా లేని బరువైన పార్సెలు, నూనె మరకలు, బయటికి పొడుచుకొనివచ్చిన తీగ, వింతవాసన, రాలుచున్న పొడి — వీనిలో ఏది కనబడినను దానిని విప్పరాదు, ఊపరాదు, వాసన చూడరాదు. ఉన్నచోటనే ఉంచి, పంకా ఆపి, తలుపు మూసి బయటికి రావలయును. చేతులు సబ్బుతో కడుగుకొనవలయును. 100కు గాని 112కు గాని ఫోను చేయవలయును. అది వట్టి కానుకయే యని తరువాత తేలినను అటెండరును ఎవ్వరును ఎగతాళి చేయరాదు. ఒక్క పరిహాసము పదిమంది జాగ్రత్తను చంపును.

ఈ మాటలకు రెండు ఆక్షేపణలు వచ్చుట సహజము. మొదటిది: “మా పాఠశాలలో గుమాస్తాయే లేడు, తపాలా గది యెక్కడిది?” అందురు. నిజమే. కాని చెప్పినదానిలో గది అవసరమైనది తక్కువ. ఒక బీరువా, ఒక పుస్తకము, ఒక పేరు చాలును. పేరు ముఖ్యము. “ఎవరో ఒకరు తీసికొందురు” అను చోట ఉత్తరము పోవును. ఈ నెల ఫలానావారు, వారు సెలవులో నున్నచో ఫలానావారు అని గోడమీద వ్రాసియుంచినచో సగము పని జరిగినట్లే. వచ్చినదానికొక పుస్తకము, పోయినదానికొక పుస్తకము. తేదీ, ఎవరినుండి, ఎవరికి, ఎన్ని, ఎవరందుకొనిరి. కవరు చినిగియున్నచో తపాలావాడు గడప దాటకమునుపే అతని యెదుటనే ఆ మాట వ్రాయవలయును. కట్టలు పంపునప్పుడు సంఖ్య ఇచ్చువాడును పుచ్చుకొనువాడును వేర్వేరుగ లెక్కించి, రెండును కలిసిన పిదపనే సంతకము చేయవలయును. వాహనమెక్కించువేళ ఒకమారు, దింపువేళ ఒకమారు లెక్క. రహస్యపు కవరునకు రెండు తాళపుచెవులు, రెండు చేతులలో. ఇందులో ఖర్చు కలిగినది ఏదియు లేదు.

రెండవ ఆక్షేపణ సున్నితమైనది. “ఇన్ని లెక్కలు, ఇన్ని సంతకములు సాటి ఉద్యోగిని అనుమానించుట కాదా?” అని అడుగువారు కలరు. నా అభిప్రాయము ఇందుకు విరుద్ధము. సంతకము లేని చోటనే అనుమానము పుట్టును. ఏ కాగితమైనను పోయిన నాడు మొదట ఎవ్వరిపై వ్రేలు చూపుదురు? అధికారిపై కాదు, మోసినవానిపై. లెక్క వ్రాసి అప్పగించిన వానికి ఆ పుస్తకమే రక్ష. నిర్దోషికి సాక్ష్యమిచ్చునది సంతకమొక్కటే. కావున మనము తక్కువ జీతగానిని గౌరవింపదలచినచో, వాని చేతిలో మూట పెట్టునప్పుడు లెక్కపెట్టి యిచ్చుటయే గౌరవము. “నమ్మినాను, తీసికొనిపో” అనుట పెద్దమనసు వలె తోచును గాని, నష్టము వచ్చిననాడు భారమంతయు వాని నెత్తినే పడును.

ఇచ్చట ఒక విశేషము చెప్పవలయును. దేశమునందు 1,60,000కు పైగా తపాలా కార్యాలయములు కలవు. అందు అధికభాగము పల్లెలలోనివే. ఆ పల్లె తపాలా కార్యాలయములలో పనిచేయు గ్రామీణ డాక్ సేవకులను ఎన్నుకొనునది వారి పదవ తరగతి మార్కులను బట్టియే. అనగా ఏటేట జవాబుపత్రముల కట్టలను చేతులు మార్చు తపాలా సిబ్బందిలో, ఒకప్పుడు అట్టి కట్టలోని తన పత్రము క్షేమముగ చేరుటవలననే ఉద్యోగము పొందినవారెందరో కలరు. ఆ పత్రము దారిలో జారిపడియున్నచో అతడు నేడు ఆ సంచి మోయడు. ఈ సంగతి అతనికి ఒక్కమారు గుర్తుచేసినచో, ఏ హెచ్చరికయు చేయలేని మేలు చేయునని నా నమ్మిక. వానికి తగిన వాహనమును, తగిన వేళను, ఒక తోడును ఇచ్చుట ప్రభుత్వము పని. అద్దె ఆటోలో, ఇరుకున, చీకటిపడువేళ రాష్ట్రపు పరీక్షలను మోయించి, పడిపోయినదేమని గద్దించుట పని కాదు.

ఇక విద్యార్థులకు రెండు మాటలు. అప్పగింత యను విద్యను బడిలోనే నేర్చుకొనవచ్చును. తరగతి నాయకుడు నోటుపుస్తకములు పోగుచేసి ఉపాధ్యాయుల గదికి తీసికొనిపోవును గదా. లెక్కించి తీసికొనిపోవలయును, లెక్క చెప్పి అప్పగింపవలయును. ఉత్తరముపై చిరునామా నిండుగ వ్రాయుట కూడ భద్రతయే. 1972 ఆగస్టు 15న పిన్‌కోడు ప్రవేశపెట్టబడెను. నార్కట్‌పల్లికి 508254 అను ఆరంకెలు కలవు. మొదటి అంకె దేశమునందలి మండలమును, మొదటి మూడంకెలు ఉత్తరములు వేరుచేయు జిల్లాను, కడపటి మూడు ఆ తపాలా కార్యాలయమును తెలుపును. ఒక్క అంకె తప్పినచో ఆ ఉత్తరము తెలియని బల్లలపై, తెలియని చేతులలో తిరుగును. అనాథగ తిరుగు ఉత్తరమే సులభముగ అపహరింపబడునది.

రెండవ మాట ఇంకను పెద్దది. ఇతరుల ఉత్తరమును విప్పరాదు. ఈ మాట చదువుకొనినవారికి చెప్పవలసి వచ్చుట సిగ్గుచేటు, అయినను చెప్పవలసియున్నది. చదువురాని దినములలో ఊరిలో ఒకరి కార్డును మరియొకరు చదివిపెట్టిరి, అది సాయము. కవరు అంటించి పంపినవాడు మాత్రము ఒక్క మనిషికే తన మాటను అప్పగించినాడు. వసతిగృహములలో పిల్లలకు వచ్చిన ఉత్తరములను విప్పి చూచి యిచ్చు అలవాటు ఎచ్చటనైన ఉన్నచో మానవలయును. పిల్లల క్షేమము కొరకే యని సమాధానము చెప్పుదురు. కాని తన ఉత్తరము విప్పబడుట చూచుచు పెరిగిన పిల్ల, రేపు తన చేతికి వచ్చిన ప్రశ్నపత్రపు సీలును ఏ విలువతో చూచును? సీలు పవిత్రమైనదని మనము నేర్పినది ఎప్పుడు? కిటికీవద్ద నిలిచినవాడు “చూపించు” అన్నప్పుడు “చూపరాదు” అనగల ధైర్యము ఆ నిమిషమున పుట్టునది కాదు. తన కాగితమును పెద్దలు గౌరవించినందున, తానును కాగితమును గౌరవించు అలవాటు ఏండ్లతరబడి కుదురుకొనిన యెడల పుట్టును.

పరీక్షలు వచ్చినప్పుడెల్ల మనము పోలీసులను, 1997 నాటి పరీక్షల చట్టమును, కెమెరాలను తలచుకొందుము. పరీక్షలు ముగియగనే మరతుము. దొంగలు పడిన ఆరు మాసములకు కుక్కలు మొరిగినట్లు, విచారణ సంఘములు నివేదికలు వ్రాయును. ఆ నివేదికలు కూడ ఏదో యొక తపాలా గదికే చేరి, పుస్తకములో నమోదు కాక మరుగునపడును. ఇందుకు బదులు, రేపు ఉదయమున ప్రతి ఉపాధ్యాయుడును తన పాఠశాలలోని ఆ మూలకు పోయి చూడగోరెదను. బీరువా తాళము పడుచున్నదా? ముద్ర ఎచ్చట నున్నది? పుస్తకములో కడపటి పంక్తి ఏ తేదీనాటిది? ఆ పంక్తికి ఎదురుగ సంతకమున్నదా? ఆ సంతకము లేనిచో, ఉన్నత పాఠశాల మొదలుకొని పబ్లిక్ సర్వీసు కమిషను వరకు మనము తిట్టుకొనుచున్న ప్రతి లోపమునకును విత్తనము అచ్చటనే యున్నది. సరిచేసికొనుటకు పట్టు కాలము పది నిమిషములు. ఆ పని ఎవ్వరి ఉత్తరువు కొరకును వేచియుండనక్కరలేదు.